సమస్య: స్మూతు మాట గుచ్చె సూదివోలె

నిర్వాహకుడు: మంగళగిరి దగ్గర బస్సులో పక్క సీటాయన ఫోన్లో "అంతా స్మూత్‌గా అయిపోయింది" అన్నాడు. మొహం చూస్తే చావు కబురు విన్నట్టుంది. అక్కడ పుట్టిందీ పాదం. ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి. కానివ్వండి.

బ్రాడీపేట (గుంటూరు కవి):
మిర్చి యార్డులోన మెత్తగా నవ్వుచు
తేజ భేషటంచు తేల్చి తేల్చి
తాలు పేర ధరను దారుణమ్ముగ గోసె
స్మూతు మాట గుచ్చె సూదివోలె

లెక్కల మాస్టారు: 'తాలు' (రంగు పోయిన నాసి కాయ) అన్న మాట పడ్డ చోటు భేష్. కానీ నవ్విందెవరు, కోసిందెవరు? కర్త యార్డులో తప్పిపోయాడు.

బ్రాడీపేట: తేజ రకం మిర్చిని పొగుడుతూనే ధర కోసేది కమిషన్ ఏజెంటని గుంటూరోళ్లకు విడిగా చెప్పాలా మాస్టారూ? మీది కానివ్వండి.

లెక్కల మాస్టారు:
కండరమ్మునకును గణితమ్మునకు నదె
కడలికదియె మందుగ్లాసుకదియె
ఎన్ని యర్థములకు నే తెన్గు వెదకెద
స్మూతు మాట గుచ్చె సూదివోలె

నిర్వాహకుడు: ఆహా! నేను 'నునుపైన మాట' అనుకుని ఇస్తే, మీరు 'స్మూతు అనే మాట' చేశారు. పేగుల్లో మన ప్రమేయం లేకుండా పనిచేసే కండరమూ స్మూతే, లెక్కల్లో ఎన్నిసార్లు అవకలనం (డిఫరెన్షియేషన్) చేసినా ఎక్కడా తెగని ప్రమేయమూ (ఫంక్షన్) స్మూతే, అలల్లేని సముద్రమూ, గొంతు మండించని మందూ అంతే.

బ్రాడీపేట: విరుపు బాగుంది, కాదనను. 'మందుగ్లాసు' సమాసం కదా, సంయుక్తాక్షరం గ్లా ముందు దు గురువై కూర్చుంది. గణం గోవిందా.

లెక్కల మాస్టారు: ఊది పలికితే కదా గురువు! అదే లెక్కైతే నీ 'గోసె' పక్కన 'స్మూతు' ఉంది. సె సంగతేమిటి నాయనా?

బ్రాడీపేట: పాదం మారింది సార్!

నిర్వాహకుడు: 'గ్లాసు' తీసి 'కప్పుకదియె' అనుకుందాం. యతీ నిలుస్తుంది.

బ్రాడీపేట: మందు కప్పులో తాగేదెవరండీ?

పటమట (విజయవాడ కవి):
నున్న మార్కెటందు నోరూరు మామిడి
పండు తీపి యనుచు బల్కి యమ్మె
కొఱుక బులుసు గొట్టె గోడు వినడు వాడు
స్మూతు మాట గుచ్చె సూదివోలె

బ్రాడీపేట: పోయినసారి గతుకుల రోడ్డు సమస్యకీ విజయవాడ దగ్గరి 'నున్న' ఊరే తెచ్చావు. అక్కడ స్థలమేమైనా కొన్నావా? కలెక్టర్ (తోతాపురి) మామిడికాయలు కొని రసాలనుకున్నావేమో, పులవక ఏం చేస్తాయి?

పటమట: అన్నా, మాస్టారు స్మూతుకు తెలుగు వెతుకుతున్నారు. నా పద్యంలో మొదటి మాటే అది. ఒక్కరూ చూడలేదు!

లెక్కల మాస్టారు: చూశాను బాబూ. నునుపు కండరం పాఠ్యపుస్తకంలోనూ ఉంది. షాపుకెళ్లి "నున్నని మందివ్వు" అని అడిగి, ఏమిచ్చాడో రేపు చెప్పు.