పాత క్యాంపర్ వ్యాన్: పొద్దున డి వేస్తే కదలదు, ఎత్తు ఎక్కితే వణుకు. గేర్‌బాక్స్ పోయినట్టేనా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మేం డెన్వర్‌లో ఉంటాం. పోయిన ఏడాది 1998 మోడల్ క్యాంపర్ వ్యాన్ కొన్నాం, 5.2 లీటర్ వి8, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, మోడల్ 46ఆర్ఈ. పొద్దున స్టార్ట్ చేసి డి (ముందుకు నడిపే డ్రైవ్ గేర్) వేస్తే ఐదారు సెకన్లు కదలదు, తర్వాత దడేల్మని పట్టుకుంటుంది. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ వైపు ఎక్కుతుంటే గంటకు 50 మైళ్ల వేగం దగ్గర గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు బండంతా వణుకుతుంది. ఒక షాపువాళ్లు పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కూడా విప్పకుండానే గేర్‌బాక్స్ మొత్తం రీబిల్డ్ చేయాలి, 4,500 డాలర్లు అన్నారు. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు, ఎల్లోస్టోన్ తీసుకెళ్దామనుకున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ఇప్పుడే డబ్బు కట్టకండి బ్రదర్. ముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి, ఈ గేర్‌బాక్స్‌లో చాలామంది పొరబడేది అక్కడే. బండి బాగా వేడెక్కాక చదునైన చోట ఆపి, పార్కింగ్ బ్రేక్ వేసి, ఇంజిన్ నడుస్తుండగా న్యూట్రల్‌లో డిప్‌స్టిక్ చూడాలి. పార్క్‌లో ఉంటే పంపు కన్వర్టర్‌కి (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఆయిల్ పంపదు, పాన్‌లో ఎక్కువ కనిపిస్తుంది, నిజానికి తక్కువే ఉన్నా నిండుగా ఉందనుకుంటాం. పొద్దున కదలకపోవడానికీ అదే కారణం కావచ్చు: రాత్రి కన్వర్టర్‌లోని ఆయిల్ పాన్‌లోకి దిగిపోతుంది. రేపు స్టార్ట్ చేసి 20 సెకన్లు న్యూట్రల్‌లో ఉంచి, తర్వాత డి వేయండి. ఆలస్యం పోతే లోపల క్లచ్‌లు అరిగాయని భయపడక్కర్లేదు.

ఇంకో జవాబు:
వణుకు గురించి. వణుకుతున్నప్పుడు గ్యాస్ వదలకుండా ఎడమ కాలితో బ్రేక్ కొంచెం తాకించండి, బ్రేక్ లైటు వెలిగేంత చాలు. కన్వర్టర్‌లో ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపే లాకప్ క్లచ్ విడిపోతుంది. వెంటనే వణుకు ఆగితే తప్పు లాకప్‌ది లేదా ఆయిల్‌ది. ఆగకపోతే ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ చూడండి, మిస్‌ఫైర్ (ఇంజిన్ సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) కూడా అచ్చం ఇలాగే అనిపిస్తుంది, అనవసరంగా గేర్‌బాక్స్ విప్పించినవాళ్లను చూశాను. ఓబీడీ-2 పోర్ట్ (బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే సాకెట్) ఉంది కదా, కోడ్‌లు కూడా చదివించండి. ఇంతకీ ఇప్పుడు ఏ ఆయిల్ ఉందో తెలుసా? దీనికి ఏటీఎఫ్+4 అనే రకం ఆయిల్ పోయాలి.

అడిగినవారు:
రెండూ చేశాను. న్యూట్రల్‌లో చూస్తే దాదాపు క్వార్ట్ (సుమారు లీటరు) తక్కువ. 20 సెకన్లు ఆగితే డి వెంటనే పడుతోంది. బ్రేక్ తాకిస్తే వణుకు ఆగింది, కోడ్‌లేమీ లేవు. పాత ఓనర్ ఇచ్చిన రసీదుల్లో డెక్స్‌రాన్ అని వేరే రకం ఆయిల్ పేరు ఉంది!

రెండో జవాబు ఇచ్చినవారు:
అయితే వణుకు ఆ తప్పుడు ఆయిల్ వల్లే కావచ్చు. పాన్ విప్పించి ఫిల్టర్ మార్చి, ఏటీఎఫ్+4 పోయించండి. పాన్‌లోని అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్ట్ ఉంటే మామూలే, మెరిసే లోహపు ముక్కలుంటే అప్పుడు రీబిల్డ్ మాట ఆలోచించాలి. పాన్ దింపితే సగం ఆయిల్ కూడా రాదు, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది, కాబట్టి కొన్ని వందల మైళ్లు నడిపి ఆయిల్ మళ్లీ మార్చండి. అప్పటిదాకా ఎత్తు ఎక్కేటప్పుడు ఓవర్‌డ్రైవ్ (అన్నిటికంటే పై గేర్) ఆఫ్ చేయండి. అమ్మానాన్నలను ఎక్కించుకునే ముందు ఒకసారి టన్నెల్ దాకా ఖాళీ బండితో వెళ్లి రండి.