రెవిట్‌లో కాలమ్‌లు, బీమ్‌లకు పేర్లు ఎలా పెడుతున్నారు?

భవనాల 3డీ మోడల్ చేసే సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో ఆరంతస్తుల ఆర్‌సీసీ భవనం మోడల్ చేస్తున్నాను. టైప్ పేర్లతో ఇబ్బంది లేదు, 300 బై 600 అని సైజునే పేరుగా పెట్టాను. చిక్కంతా మార్క్ దగ్గరే, అంటే ఒక్కో కాలమ్‌కు, బీమ్‌కు విడిగా ఇచ్చే గుర్తు దగ్గర. స్ట్రక్చర్ డిజైన్‌కు వాడే ఈటాబ్స్‌లో ఒకే చోట పైదాకా వెళ్లే కాలమ్‌కు ప్రతి అంతస్తులోనూ సీ1 అనే లేబుల్ ఉంటుంది. రెవిట్‌లో అంతస్తుకో ముక్కగా గీసి అన్నిటికీ సీ1 ఇస్తే డూప్లికేట్ మార్క్ అని వార్నింగ్ వస్తోంది. దాన్ని అలా వదిలేయడం నాకిష్టం లేదు, నిజంగా తప్పు దొర్లినప్పుడు ఆ వార్నింగ్ గుంపులో కలిసిపోతుంది. ఎల్2-సీ1 అని అంతస్తు కలిపితేనేమో షెడ్యూల్‌లో (కాలమ్‌ల పట్టికలో) ఒకే కాలమ్‌కు ఆరు పేర్లు, సైట్‌లో కడ్డీలు కట్టేవాళ్లు తికమకపడతారు.

సీ1 కోసం విడిగా షేర్డ్ పారామీటర్ (మనమే తయారుచేసుకునే అదనపు సమాచార గడి) పెట్టుకోవడం మంచిదా? కాలమ్‌లకైతే గ్రిడ్ గీతలను బట్టి, అది ఎక్కడుందో చెప్పే లొకేషన్ మార్క్ దానంతటదే వస్తుంది, మరి బీమ్‌లకు మీరేం చేస్తున్నారు? మీరు వాడే పేర్లు ఒకటి రెండు ఉదాహరణగా రాయండి, ప్లీజ్.