అమెరికా వెళ్తున్నా, ఇండియా నంబరు పోకుండా ఉండాలంటే?

ఒంగోలు_కుర్రాడు:
ఆగస్టులో ఎమ్మెస్‌కి డాలస్ వెళ్తున్నానండీ. నాది ప్రీపెయిడ్ సిమ్, నాన్న పేరు మీద ఉంది. బ్యాంకు, ఆధార్ దీనికే లింకు. ఓటీపీలు వస్తే చాలు. సిమ్ అమ్మ ఫోన్లో వేసి వెళ్ళనా, తీసుకెళ్ళనా? అక్కడ ఐఫోన్ కొందామనుకుంటున్నా. పేరు మార్పించుకోవాలా?

మియాపూర్_మెట్రో:
తీసుకెళ్ళండి. యూపీఐ యాప్ రిజిస్టర్ చేసేటప్పుడు అదే ఫోన్లో ఉన్న సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్ళాలి. సిమ్ ఒంగోల్లో, ఫోన్ డాలస్‌లో ఉంటే అది కుదరదు.

ఎక్కే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించండి. డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కి మామూలుగా డబ్బు పడదు, కాల్ ఎత్తితే పడుతుంది. ఐఫోన్లో వేస్తే ఐమెసేజ్, ఫేస్‌టైమ్‌లలో (ఆపిల్ సొంత మెసేజ్, కాల్ సేవలు) ఈ నంబరు తీసేయండి. లేకపోతే యాక్టివేషన్ కోసం ఫోనే ఒక అంతర్జాతీయ ఎస్సెమ్మెస్ పంపి బ్యాలెన్స్ కోసేస్తుంది.

గోదారి_గట్టు:
ఐఫోన్ దగ్గర జాగ్రత్త. 14 మోడల్ నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ ట్రేనే లేదు, అంతా ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్లోనే లోడయ్యే సిమ్). అక్కడికెళ్ళాక మీ సిమ్‌ని ఈసిమ్‌గా మార్చుకుందామంటే ఆ ధ్రువీకరణలన్నీ పాత సిమ్‌కే వస్తాయి. పైగా సిమ్ మారిన 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. ఇప్పుడున్న ఫోన్లోనే సిమ్ ఉంచి ఓటీపీలకి వాడుకోవడం అన్నిటికన్నా తేలిక. పాత 3జీ ఫోన్ మాత్రం వద్దు, అక్కడ 3జీ 2022లోనే ఆపేశారు.

పేరు మార్పించొద్దనే నా సలహా. సిమ్ పోతే డూప్లికేట్‌కి ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే ఆధార్‌తో స్టోరుకి వెళ్ళాలి. నాన్నగారైతే వెళ్ళగలరు, మీరు డాలస్ నుంచి రాలేరు కదా.

ఒంగోలు_కుర్రాడు:
రీచార్జ్ ఎంత వేయించాలి? 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే నంబరు పోదంటున్నారు.

మియాపూర్_మెట్రో:
90 రోజులు వాడని నంబరు రద్దు కాకుండా ఆపేదే ఆ 20 రూపాయల నిబంధన. ప్యాక్ అయిపోతే ఓటీపీ మాత్రం రాకపోవచ్చు. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ఏడాది ప్యాక్ వేయించండి, 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేసిన సవరణ తర్వాత అలాంటివి వచ్చాయి. గడువుకి నెల ముందే మళ్ళీ వేయించండి. ఒకసారి ముగిసిందా, ఇండియా కార్డుతో కట్టడానికి ఓటీపీ కావాలి, ఆ ఓటీపీ ఆగిపోయిన సిమ్‌కే వస్తుంది. నాన్నగారి ఫోన్ నుంచి వేయించడం మేలు.

గోదారి_గట్టు:
ఇంకొక్కటి. సేవింగ్స్ ఖాతాని ఎన్నార్వోగా (ఎన్నారైలకి ఇండియాలో ఉండే రూపాయల ఖాతా) మార్చాక అమెరికా నంబరుతోనే యూపీఐ పెట్టుకోవచ్చు. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2023లో అనుమతించిన 10 దేశాల్లో అమెరికా ఉంది, మీ బ్యాంకు ఇస్తోందో లేదో అడగండి. కానీ ఆధార్‌కి విదేశీ నంబరు ఒప్పుకోరు. దానికోసమైనా ఈ సిమ్ బతికుండాలి.