ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి ఇస్తున్నప్పుడు విరేచనాలైతే లోపరమైడ్ వేయొచ్చా?

ప్రశ్న:
మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే ఈ రెండు మందులూ కలిపి మూడు వారాలకోసారి, నాలుగు డోసులు ఇస్తారు కదా. మధ్యలో విరేచనాలు మొదలైతే కీమోలో లాగా లోపరమైడ్ (విరేచనాలు ఆపే మాత్ర) వేసి చూడొచ్చా? ఎన్నిసార్లు దాటితే ఆస్పత్రికి చెప్పాలి? స్టిరాయిడ్ వాడితే అసలు మందు పని చెడిపోదా?

జవాబు 1:
ఇవి కీమో విరేచనాల్లాంటివి కావు. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలకు ఉండే బ్రేకుల్లో ఒక మందు సీటీఎల్ఏ-4ను, ఇంకొకటి పీడీ-1ను తీసేస్తాయి. అదుపు తప్పిన టీ కణాలు పెద్దపేగు మీదా పడతాయి. లోపరమైడ్ పేగు కదలికను తగ్గిస్తుందే గాని ఆ వాపును కాదు. పైకి నయమైనట్టే ఉంటుంది, లోపల పుండు ముదిరి చిల్లు పడొచ్చు.

మామూలుగా వెళ్లేదానికి పైన ఎన్నిసార్లు అన్నదే లెక్క. రోజుకు 4 నుంచి 6 ఎక్కువైతే తీవ్రతలో రెండో గ్రేడు, 7 లేదా అంతకు మించితే మూడోది. అంటే రోజుకు ఒకసారి వెళ్లే మనిషి ఐదుసార్లు వెళ్తే రెండో గ్రేడే, ఆ రోజే ఫోన్ చేయాలి. రక్తం, కడుపునొప్పి, జ్వరం ఉంటే లెక్కతో పనే లేదు, వెంటనే చెప్పాలి.

జవాబు 2:
చిన్న సవరణ. మొదటి గ్రేడులో, మలపరీక్షలో ఇన్ఫెక్షన్ లేదని తేలాక, డాక్టరు చెబితే లోపరమైడ్ వాడతారు. సొంతంగా మాత్రం వద్దు.

మూడో గ్రేడుకు స్టిరాయిడ్ అయిన మిథైల్‌ప్రెడ్నిసొలోన్ కిలోకు 1–2 మి.గ్రా. చొప్పున, 60 కిలోల మనిషికి రోజుకు 60–120 మి.గ్రా. మూడు నుంచి ఐదు రోజుల్లో తగ్గకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ కిలోకు 5 మి.గ్రా., లేదా వెడోలిజుమాబ్ (రెండూ వాపును అణిచే మందులు). ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు ముందు టీబీ, హెపటైటిస్ బీ పరీక్షలు కావాలి కాబట్టి వాటిని మొదటి రోజే పంపడం మేలు. లివర్ కూడా వాచి ఉంటే ఇన్‌ఫ్లిక్సిమాబ్ జోలికి పోరు.

ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడ కాదు, స్టిరాయిడ్ తగ్గించేటప్పుడు. విరేచనాలు ఆగాయని వారంలోనే మానేస్తే తిరగబెడుతుంది. 4–6 వారాల్లో మెల్లగా దించాలి. ప్రెడ్నిసొలోన్ రోజుకు 20 మి.గ్రా. లేదా అంతకు మించి నాలుగు వారాలు సాగేలా ఉంటే న్యుమోసిస్టిస్ న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ అడగండి.

జవాబు 3:
స్టిరాయిడ్ గురించి: దుష్ప్రభావం తగ్గించడానికి వాడినంత మాత్రాన ఫలితం పోదు. దుష్ప్రభావాల వల్ల తొలి డోసుల్లోనే ఆపేసినవారిలోనూ కణితులు దాదాపు అదే స్థాయిలో తగ్గాయని మెలనోమా ట్రయల్స్ చూపాయి.

ప్రశ్న అడిగినవారు:
చివరి డోసు అయి మూడు నెలలైతే ఇక భయం లేనట్టేనా?

జవాబు 3:
లేదు, నెలల తర్వాతా రావచ్చు. అప్పుడు వేరే డాక్టరుకు చూపించినా ఈ మందులు తీసుకున్నట్టు ముందే చెప్పాలి. లేకపోతే మామూలు విరేచనాలనుకుని యాంటీబయోటిక్ రాసి పంపేస్తారు.