పటం మీద ఎవరి పేరు?

ఓరుగల్లు_కోడలు:
మొన్న హనుమకొండలో హస్తకళల మేళాకు పోయి చేర్యాల పటం, అదే గుడ్డ మీద గీసే కథల బొమ్మ, ఒకటి కొన్నా. స్టాల్లో భార్యాభర్తలున్నారు. ఆయన బిల్లు రాస్తుంటే పక్కన ఆమె ఇంకో పటానికి అంచు పూలు దిద్దుతోంది. గుడ్డకు పూత ఎవరు వేస్తారని అడిగా. "నేనే" అంది. చింతగింజల జిగురు, సుద్దమట్టి, చెట్టు బంక కలిపి మూడు పూతలట, ఒకటి బాగా ఆరాకే ఇంకొకటి. మూలన సంతకం మాత్రం ఆయనదే. ఇద్దరి పేర్లూ ఉండాలని నా మాట. మీరేమంటారు?

భద్రకాళి_గట్టు:
అక్కా, పటం మీద సంతకమే కొత్త అలవాటు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది పటం చూపించే కదా. గీసిందెవరని వినేవాళ్లు అడిగేవాళ్లా? అది ఇంటిల్లిపాది పని. ఇప్పుడు పేర్ల పంచాయితీ పెడితే మిగిలేది కొట్లాటే.

ఓరుగల్లు_కోడలు:
పేర్లే లేని రోజుల్లో నాకూ పేచీ లేదన్నా. ఇప్పుడు పేరుంటేనే అవార్డు, వర్క్‌షాప్ పిలుపు. జీఐ అనే భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది, ఆమె పేరును కాదు.

ఇందూరు_పిల్ల:
మా చిందు ఎల్లమ్మ చిందు భాగవతం నలుగురి ముందు ఆడింది కాబట్టి పేరొచ్చింది. చేతిపనిలో ఆడవాళ్లు తెర వెనకే ఉండిపోతారు.

భద్రకాళి_గట్టు:
రామప్ప గుడిలో ఆ నల్లరాతి మదనికలను, అంటే ఆడవాళ్ల శిల్పాలను, ఎంతమంది చెక్కారో! గుడికి ఒక్క శిల్పి పేరే నిలిచింది. అయినా 2021లో యునెస్కో గుర్తింపు రాలేదా?

ఓరుగల్లు_కోడలు:
ఆ గుడి శాసనం 1213 నాటిది. చెక్కినవాళ్లను ఇప్పుడు అడగలేం. ఈమె నా ఎదురుగానే కూచుంది, అడిగితే పేరు చెప్పింది.

భద్రకాళి_గట్టు:
సరే, ఇంటిపేరు ఒక్కటే రాస్తే? ఇద్దరికీ సరిపోతుంది.

ఇందూరు_పిల్ల:
పెళ్లయ్యాక అదీ ఆయనదే కదన్నా 😄

భద్రకాళి_గట్టు:
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ ముందు వాళ్లను అడగాలి, మనం తీర్పు చెప్పడం కాదు.

ఓరుగల్లు_కోడలు:
అడిగానన్నా. వెనకవైపు మీ పేరు రాసిస్తారా అన్నా. నవ్వింది, ఆయన వైపు చూసింది. ఆయన పెన్ను ఇచ్చాడు. ఫ్రేమ్ కట్టే అతనికి వెనక అట్ట వద్దు, అద్దమే వెయ్యమని చెప్పా. నూట యాభై ఎక్కువ అడిగాడు.