ఇనుగుర్తి పత్రిక: తెనుగా, తెలుగా?

ఒద్దిరాజు సోదరుల వారపత్రిక పేరు ‘తెనుగు’ అని చదివాను. తెలుగు అని ఉండాలి కదా, అచ్చుతప్పా?

— అచ్చుతప్పు కాదన్నా, దాని పేరే తెనుగు. 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అన్నదమ్ములు ఇనుగుర్తిలో మొదలుపెట్టారు. అప్పుడది వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. కచేరీల్లో, బళ్లల్లో అంతా ఉర్దూ నడుస్తున్న నిజాం రోజులవి, హైదరాబాదులో గోలకొండ పత్రిక రావడానికే ఇంకా నాలుగేళ్లుంది, అట్లాంటప్పుడు ఒక పల్లెలో సొంత ప్రెస్సు పెట్టుకొని వారం వారం పత్రిక తీశారంటే మామూలు మొండితనం కాదు. నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక కూడా ఆ ఏడే వచ్చింది.

ఇక మాట సంగతి. మునగచెట్టును కొన్ని దిక్కుల ములగచెట్టు అంటారు చూడు, న, ల అట్లా మారుతుంటాయి, తెనుగు, తెలుగు కూడా అంతే. ఇందులో ఏది ఒప్పు అని కొట్లాడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే ‘జానుతెనుగు’ అన్న పాల్కురికి సోమనే ‘తెలుగు మాటలనంగ వలదు’ అని కూడా అన్నాడు. మన బమ్మెర పోతన మాత్రం ‘కొందఱకుఁ దెనుగు గుణమగు’ అన్నాడు, భాగవతాన్ని ‘తెనిగించి’ జన్మ సఫలం చేసుకుంటానన్నాడు. ఆ క్రియ గమనించు. తెనిగించడం అంటాం, తెలిగించడం అనం! పాలకుర్తి, బమ్మెర ఉన్న ప్రాంతంలో పత్రిక పెడుతూ ఆ మాట ఎంచుకోవడం నాకైతే సహజమే అనిపిస్తుంది.

— బాగా చెప్పావు తమ్మీ. కానీ మా ఊళ్లో తెనుగోళ్లు అంటే ముదిరాజులు కదా?

— అవునన్నా, బీసీ జాబితాలో కూడా ముదిరాజ్, ముత్రాసి పక్కన తెనుగోళ్లు అని ఉంటుంది. ఈ పత్రిక గురించి ఇంట్లో ఉత్సాహంగా చెప్తుంటే మా అమ్మమ్మ అంతా విని, ‘ఒద్దిరాజోళ్లు దొరలు గదరా, తెనుగోళ్ల పత్రిక వాళ్లెందుకు పెట్టిన్రు?’ అన్నది. పోతన పద్యం చదివి వినిపించినా నమ్మలేదు.