అట్లాంటా రాప్ జోడీ అవుట్‌కాస్ట్ (బిగ్ బాయ్, ఆండ్రే) తెచ్చిన 'అక్వెమినై' (1998) కాన్సెప్ట్ ఆల్బమా, కాదా?

జగిత్యాల_808
కాన్సెప్ట్ ఆల్బమ్‌ల లిస్టు ఎవరు పెట్టినా అండ్ల అక్వెమినై ఉంటది. కాన్సెప్ట్ ఆల్బమంటే పాటలన్ని కలిసి ఒక్క కథ చెప్పాలె. కథ ఏడుందన్నా అండ్ల? బిగ్ బాయ్‌ది అక్వేరియస్ (కుంభం), ఆండ్రేది జెమిని (మిథునం), రెండు కలిపి పేరు పెట్టిన్రు. గంతే. గట్లయితే మా అయ్యగారి పంచాంగం గూడ కాన్సెప్ట్ ఆల్బమే.

ఆల్ఫరెట్టా_శీను
కథంటే హీరో పుట్టి, పెరిగి, చావాలా తమ్ముడూ? ఇద్దరు దోస్తులు. ఒకడు కార్లు, క్లబ్బులు వదల్లేదు. ఇంకొకడు తలపాగాలు, వింత బట్టలు మొదలెట్టేసరికి డ్రగ్స్ అలవాటైందా, ఏమైంది వీడికి అని ఊరంతా గుసగుసలు. 'రిటర్న్ ఆఫ్ ద జీ' పాటలో ఆండ్రే జవాబిచ్చేది వాటికే. ఇంత తేడా ఉన్న ఇద్దరూ విడిపోకుండా ఒకే డిస్కులో ఇమిడారు చూడు, అదే కాన్సెప్ట్. సౌండ్ కూడా అంతే. ఉత్త శాంపిల్ లూపులతో, అంటే పాత రికార్డుల ముక్కలతో, సరిపెట్టకుండా వాయించేవాళ్లని పిలిచి కూర్చోబెట్టారు. 'రోజా పార్క్స్' పాటలో హార్మోనికా ఊదింది ఆండ్రే సవతి తండ్రి. చర్చి పాస్టర్ ఆయన!

వినాయక్_పి
బిగ్ బాయ్ పుట్టింది ఫిబ్రవరి 1న. మన లెక్కలో ఆ రోజు సూర్యుడు మకరంలో ఉంటాడు. మరి కుంభం ఎలా అవుతుంది?

జగిత్యాల_808
శీనన్నా, మీరు చెప్పేది థీమ్. థీమ్ వేరు, కాన్సెప్ట్ వేరు. పాటల వరస మార్చి విన్నా ఏం తేడా రాదు.

పలాస_బేస్
'స్పాటీఒటీడోపలీషస్' విన్నావా అసలు? 7 నిమిషాలు. ఆ బాకాల (హార్న్స్) కింద ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు మాటలు చెప్పుకుంటూ పోతారు. క్లబ్బులో పిల్ల కనబడుతుంది, ప్రేమ, తర్వాత బిడ్డ. పోస్టాఫీసు ఉద్యోగం వస్తుందనుకుంటే మత్తుమందుల కోసం చేసే మూత్రపరీక్షలో పోతుంది. కథ కావాలన్నావు, ఇదిగో కథ.

ఇంకోటి. 1995 ఆగస్టులో న్యూయార్క్‌లో 'సోర్స్' అనే రాప్ పత్రిక అవార్డులు. వీళ్లదేమో అట్లాంటా, అమెరికా దక్షిణాది (సౌత్). వీళ్ల పేరు పిలవగానే హాలంతా బూ అని గోల. సౌత్‌కీ చెప్పేది ఉందని ఆండ్రే మైకులో అనేసి దిగిపోయాడు. నాకది బాగా తెలుసు. హైదరాబాద్‌లో ఒక స్టూడియోకి ట్రాక్ పట్టుకెళ్తే "యాస మార్చుకుని రా" అన్నారు. అదే యాస సినిమాలో కమెడియన్ మాట్లాడితే పొట్ట పట్టుకుని నవ్వుతారు.

జగిత్యాల_808
మీ స్టూడియో ముచ్చటకు, ఆల్బమ్‌కు ఏం సంబంధం? యాస సంగతి మాకు చెప్తున్నవా? ఎన్నేండ్లు రౌడీలకు, తాగుబోతులకే పెట్టిన్రు మా యాస.

పలాస_బేస్
మరి నీకే అర్థం కాకపోతే ఎవరికి అర్థమవుతుంది!

చిన్ని_డీజే
ఇద్దరూ నీళ్లు తాగండి.

ఆల్ఫరెట్టా_శీను
బూ అన్న హాలు ఏ పత్రిక అవార్డులదో, ఆ పత్రికే 3 ఏళ్లకి అక్వెమినైకి 5కి 5 మైకులిచ్చింది (మైకులే వాళ్ల మార్కులు). ఇంతకన్నా ఏం రుజువు కావాలి?

జగిత్యాల_808
గదే నా కడుపుమంట! న్యూయార్కోడు 5 మైకులిస్తెనే గొప్పదైనట్టా? ఆల్బమ్ ఆఖరి పాట 'చాంకీఫైర్' అయిపోయేటప్పుడు గా అవార్డుల రాత్రి టేపే ఇనిపిస్తది. వాళ్లు ఒప్పుకోవాలె అన్న తండ్లాట లేకుంటే ఎందుకు పెడ్తరు? ఈ 'కాన్సెప్ట్ ఆల్బమ్' బిళ్ల గూడ గసొంటిదే. రాక్ గురించి రాసెటోళ్లు తయారుచేసిన బిళ్ల. సౌత్ రాప్‌ను రాప్ అంటే సరిపోదా? మెడల బిళ్ల ఏసి తిప్పితెనే ఇజ్జతా?

పలాస_బేస్
అదా నీ గొడవ. పొద్దున్నుంచి కథ, కథ అని చంపావు కదా. ఆ టేపు ఒప్పుకోమని బతిమాలడానికి కాదు, మీరు అరిచింది మర్చిపోలేదని చెప్పడానికి. పోనీ న్యూయార్క్ రాపర్ల కాళ్లు పట్టుకున్నారా? న్యూయార్క్ గ్రూపు వూ-టాంగ్ క్లాన్‌లోని రేక్వానే వీళ్ల పాటలో రాప్ చేశాడు. 1999కల్లా డబుల్ ప్లాటినం, అంటే అమెరికాలో 20 లక్షల కాపీల లెక్క.

జగిత్యాల_808
అమ్ముడువోవుడు వేరే. అట్లాంటా గ్రూపే గుడీ మాబ్, వాళ్ల ఆల్బమ్ 'సోల్ ఫుడ్' 1995లనే వచ్చింది. అవుట్‌కాస్ట్ లెక్కనే, ప్రొడ్యూసర్ రికో వేడ్ వాళ్లమ్మ ఇంటి కింద మట్టి బేస్‌మెంట్ల పెరిగిన ముఠానే అది గూడ. 'డర్టీ సౌత్' అనే పాట అండ్లదే. దానికి గ్రామీలు రాలే, అందుకే ఈడ ఒక్కరు గూడ థ్రెడ్ పెట్టరు.

ఆల్ఫరెట్టా_శీను
నువ్వే పెట్టు. కానీ అందులో కథ ఏడుందని మాత్రం అడగకు.